కోడలి బండికి మంచు టైర్లు

కొండల్లోని స్మోల్యాన్ ఊళ్లో తొలి మంచు పడిన ఉదయం, కొడుకును పోగొట్టుకున్న పెద్దాయన కోడలి కారు తెచ్చి టైర్ల కొట్టు ముందు ఆపాడు. కొట్టువాడికి ఆయన ముఖంలోకి చూసే ధైర్యం చాలలేదు.

"మంచు టైర్లు వెయ్యి నాయనా. నాలుగూ."

"ఇదీ వెనక చక్రాలతో నడిచే బండేనా, బాబాయ్?"

"అదే. పోయినేడు మా అబ్బాయి రూమెన్ బండికి వెనక రెండూ చాలన్నాను. తోసేవి అవే కదా, ముందువి దండగని నీతో వాదించాను."

"ఇప్పుడవన్నీ ఎందుకులే."

"బండిని తిప్పేవి ముందువని నువ్వు చెబుతూనే ఉన్నావు. వాడూ నాలుగు వేయిద్దామన్నాడు. నేనే వాడి నోరు నొక్కేశాను. మలుపులో స్టీరింగు తిప్పినా ముందు చక్రాలు జారిపోయాయట. నేరుగా లోయలోకే..."

కొట్టువాడు చేతిలోని జాకీ కింద పెట్టేశాడు. "ఆ రోజు రెండే బిగించనని నేనైనా మొండికెయ్యాల్సింది, బాబాయ్."

"నీ తప్పేం లేదు."

"మీ కోడలు జివ్కాకి ఈ సంగతి తెలుసా?"

"లేదు. రోడ్డునే తిట్టుకుంటోంది పిచ్చిది. ఇవాళ చెప్పేస్తాను."

"చెప్పాకే తనని తీసుకురాకపోయావా? నచ్చినవి తనే ఎంచుకునేది."

"ముందు బిగించెయ్ నాయనా. ఆ మాట విన్నాక నా చేత్తో ఇచ్చింది ఏదీ తీసుకోదు."