తాళం పడ్డదా?

సీతాఫల్‌మండిలో ఆటో ఎక్కి భార్యతో చర్చికి బయలుదేరిన ఐజాక్‌కు, గల్లీ మలుపు తిరగకముందే అనుమానం మొదలైంది.

“సువార్తా, తాళం పడ్డదా?”

“పడ్డదేమో. పడలేదేమో.”

“గిదేం జవాబే! నువ్వు పక్కనే ఉన్నవ్ గదా?”

“నీ అనుమానం జబ్బుకు ఆన్‌లైన్ కోర్సు తీసుకున్నది నువ్వే. తాళం ఒక్కసారే వెయ్యాలె, మళ్ల చూడొద్దు. ఇంట్లోళ్లు ‘పడ్డది’ అని ధైర్యం చెప్పొద్దు. చెప్తే అనుమానానికి అన్నం పెట్టినట్టేనంట.”

“గుండె దడదడ కొట్టుకుంటుంది.”

“భయం పదికి ఎంత?”

“తొమ్మిది.”

“ఫోన్ల రాసుకో. ఓర్చుకుంటే దానంతటదే దిగుతదంట. పోయిన నెల తాళం చూస్తనని ఐదుసార్లు వెనక్కి పోయినవ్. నా తమ్ముని బిడ్డ పెండ్లిల మనకు ఐస్‌క్రీమ్ సుత దక్కలే. ఇయ్యాల మనవరాలి బాప్తిస్మం. వెనక్కి తిరిగితే నేనొక్కదాన్నే పోత.”

“పక్కింటి కల్పలతకు ఫోన్ చేసి అడగనా?”

“వద్దు.”

“పోనీ, ప్రార్థన చేసి దేవుణ్ని అడగొచ్చా?”

“ఎవర్నీ అడగొద్దని కోర్సుల రాసుంది. ఎవర్నీ అంటే దేవుణ్ని సుత.”

ఐజాక్ పంటి బిగువున కూర్చున్నాడు. చర్చి గేటు దగ్గరికి వచ్చేసరికి తొమ్మిది కాస్తా నాలుగయింది. పాప నెత్తిన నీళ్లు పడే వేళకు రెండయింది. వెనక్కి పోకుండా వచ్చినందుకు అతనికే నవ్వొచ్చింది.

ఆరాధన చివర పాస్టరుగారు అడిగారు. “ప్రార్థన మనవులు ఎవరికైనా ఉన్నాయా?”

సువార్త చటుక్కున లేచి నిలబడింది.

“మా ఇంటి తాళం కోసం, అయ్యగారూ!”