జారు గారి సెలవు

జెద్దాలో ఒక మెయింటెనెన్స్ కంపెనీ ఆఫీసు, 2007. డ్రైవరు గౌస్ మొహిద్దీన్ వచ్చింది, ఊరికి పోయి రావడానికి కావలసిన తన ఎగ్జిట్ కాగితం అడగడానికి. తగులుకున్నది అడ్మిన్ ఆఫీసరు నెహెమ్యాకు చరిత్ర పాఠం చెప్పే పని.

"మళ్ళీ చెప్పవయ్యా. ఆ ఇంగ్లీషువాళ్ళు ఎక్కడికని బయల్దేరారు?"

"చైనాకు సార్."

"తేలింది?"

"రష్యాలో."

"అడ్రసు అంతలా తప్పిపోవడమేంటయ్యా?"

"నేను ఏసీ మెకానిక్ వీసా మీద వచ్చి బండి తోల్తాండ గదా సార్. అట్ల."

"నీ గొడవ ఇప్పుడెందుకు. 'కొత్త మార్కెట్టు కోసం సాహసంగా దారి మార్చుకున్నారు.' టైపు చేశాను. తర్వాత?"

"సార్, నా ఎగ్జిట్ రీ-ఎంట్రీ..."

"స్పీచ్ అయ్యాక. రేపు సాయంత్రం ఫంక్షను. రష్యా పైపుల కంపెనీ వాళ్ళొస్తున్నారు. మన జీఎం దొర ఇంగ్లీషాయన. వాళ్ళ రెండు దేశాల వ్యాపారం ఎప్పుడు మొదలైందో చక్కగా పది నిమిషాలు మాట్లాడమని నా నెత్తిన పెట్టారు. నాకేం తెలుసు? నువ్వంటే దొర పారేసిన పుస్తకాలన్నీ డిక్షనరీ పెట్టుకుని మరీ చదువుతావు."

"ఎయిర్‌పోర్టు కాడ గంటలు గంటలు కాచుకోవల్ల గదా. ఇంకేం చేస్తా."

"సరే, చెప్పు. ఎన్ని ఓడలు?"

"మూడు. నాలుగొందల యాభై ఏండ్ల కిందట. రెండు ఓడలు దారి తప్పి ఉత్తరాన సముద్రం గడ్డకట్టే చోట ఇరుక్కున్యాయి. కెప్టెన్‌తో సహా అందరూ చచ్చినారు. ఎండాకాలం చేపలు పట్టేవాళ్ళు పోయి చూస్తే ఓడల నిండా శవాలు."

"శవాలు వద్దు."

"చచ్చినారు సార్."

"చచ్చారులే, భోజనాల ముందు చెప్పేది కాదుగా. 'కొందరు సభ్యులు చల్లని వాతావరణంలో విశ్రమించారు.' ఊఁ. మూడోది?"

"మూడోది గట్టెక్కింది. ఆ కెప్టెన్‌ను మాస్కోకు పిలిపించినారు. బంగారు పళ్ళాలల్లో దావత్ పెట్టి, రాజు కాగితం ఇచ్చినాడు, మా దేశంలో యాపారం చేసుకోండి అని. ఆ రాజును జారు అంటారు. ఆ జారుకు ఒక బిరుదు ఉండాది. భయంకరుడు."

"దృఢమైన నాయకుడు."

"భయంకరుడని అచ్చేసినారు సార్, పుస్తకం అట్ట మీదనే."

"గౌసూ, కఫీల్, మన వీసాలిచ్చిన యజమాని, ముందు వరసలో కూర్చుంటాడు. లండన్లో చదువుకొచ్చాడు, ప్రతి ముక్కా అర్థమవుద్ది. రాజుని భయంకరుడంటే, ఎవర్నంటున్నావురా అని నా వైపు చూస్తాడు. నా పరిస్థితేంటి?"

"మీకేం సార్. మీరు ఆఫీసరు."

"ఊఁ. తర్వాత చెప్పు."

"తర్వాత లండన్లో కంపెనీ పెట్టినారు. గుడ్డలు అమ్మల్ల, మైనం, తోళ్ళు, తాళ్ళు తేవల్ల. ఓడలకు తాళ్ళు శానా కావల్ల గదా. అందుకని ఇంగ్లండు నుంచి తాళ్ళు పేనేవాళ్ళను తోలినారు. పోయినోళ్ళు కంపెనీ చెప్పిన చోటనే ఉండల్ల, కంపెనీ చెప్పిన పనే చెయ్యల్ల. సొంతంగా చిన్న బేరం గూడా చేసుకోగూడదు."

"అది మంచి పాయింటు. 'స్టాఫ్‌లో క్రమశిక్షణ ఉండేది.'"

"మన మహబూబ్ శుక్రవారం బయట పెయింటింగ్ పని చేసుకున్యాడని వార్నింగ్ లెటర్ ఇస్తిరి గదా. అదే క్రమశిక్షణ సార్."

"నువ్వు చరిత్ర చెబుతున్నావా, నన్ను తిడుతున్నావా?"

"రెండూ ఒకటే మాదిరి ఉండాయి, నేనేం చేసేది. రాసుకోండి, అసలు సంగతి ముందర ఉండాది. బయటి దేశపోళ్ళు రష్యాలోకి పోవడం ఒక ఎత్తు, తిరిగి రావడం ఒక ఎత్తు. జారు సెలవిస్తేనే దేశం దాటల్ల. వైద్యుడు కానీ, పనోడు కానీ, పనికొచ్చేటోడైతే ఇంకా కష్టం."

"సెలవంటే... లీవా, పర్మిషనా?"

"రెండూ సార్."

"ఇంగ్లీషులోనూ అంతే. లీవంటే సెలవూ అదే, వెళ్ళిపోవడమూ అదే. చిత్రంగా లేదూ?"

"వాళ్ళకు ఒకే మాట. మనకు మటుకు నాలుగు ఫారాలు."

"మరి... ఎలా అడిగేవాళ్ళంట?"

"ఏంది?"

"ఆ సెలవు. దరఖాస్తు పెట్టేవాళ్ళా? ఎవరితోనన్నా చెప్పించేవాళ్ళా? ఎన్నాళ్ళు పట్టేది?"

"రాజు ఇష్టం సార్. మనసైతే రేపు, లేకుంటే ఏండ్లకేండ్లు."

"అడిగితే కోపమొచ్చేదా ఆయనకి?"

"ఏం సార్, ఇదంతా స్పీచ్‌లో పెడ్తారా?"

"ఛ. ఇది అస్సలు కుదరదు. డిలీట్. 'రష్యా ఆతిథ్యం ఎంత గొప్పదంటే, వెళ్ళినవాళ్ళకి తిరిగి రాబుద్ధి కాలేదు.' ఎలా ఉంది?"

"నా బండిలో ఒక పుస్తకం ఉండాదని చెప్తి, అబద్ధాల మిషను మీ టేబుల్ మీద ఉండాదని నాకు తెల్వదు."

"నోరు జాగ్రత్త."

"జాగ్రత్తగానే ఉండాను సార్, మూడు నెలల నుంచి. వచ్చే బుధవారం మా గుల్షన్‌కు ఆపరేషన్. గర్భసంచిలో గడ్డ. మా అన్న సంతకం పెడ్తానంటే కర్నూలు డాక్టరమ్మ ఒప్పుకోల్యా, మొగుడే కావల్లనె. ఆడ నా సంతకం లేక ఆపరేషన్ నిలబడ్య. ఈడ మీ సంతకం లేక నేను నిలబడితి. రెండుసార్లు వాయిదా ఏసినారు. ఇంకోసారి ఏస్తే మనిషి ఉండదని చెప్పినారు."

"నాకు తెలుసు గౌసూ."

"తెలిసి ఏం చేస్తిరి? దరఖాస్తు ఇచ్చినప్పుడు రేపన్నారు. తర్వాత రంజాన్ అన్నారు. తర్వాత ఆడిట్ అన్నారు. ఇప్పుడు స్పీచ్. రేపు రష్యావాళ్ళు బిర్యానీ తిన్నాక, చెయ్యి కడుక్కోనీ అంటారు."

"ఫంక్షన్ అయిపోనీ అంటున్నానా లేదా?"

"సరే అయితే. స్పీచ్ ఆఖరున చెప్పే కథ ఒకటి ఉండాది. ఆ మూడో ఓడ కెప్టెన్ తర్వాత రష్యా రాయబారిని ఓడలో తీసుకొస్తూ సముద్రంలో పోయినాడు, రాయబారి బతికినాడు. అది చెప్తే సభంతా చప్పట్లు కొడ్తాది. నా కాగితం మీద సంతకం పడితేనే చెప్తా."

"బెదిరిస్తున్నావా?"

"యాపారం సార్. ఇంతసేపు దాని గురించే గదా చెప్తాండ."

"కూర్చో."

"నిలబడే ఉంటా."

"కూర్చోవయ్యా బాబూ. నీ కాగితం మీద నా సంతకం నువ్విచ్చిన రోజే పెట్టాను."

"అబద్ధం."

"ఇదిగో జిరాక్సు. తారీకు చూసుకో. నా సంతకం కింది సంతకమయ్యా. పైది కఫీల్‌ది. ఆయన టేబుల్ మీద ఒక కట్ట ఉంది. దానికి రబ్బరు బ్యాండు నేనే వేసి ఇచ్చాను. ఇంతవరకూ విప్పలేదు."

"మరి ఈ మాట మూడు నెలల ముందరే చెప్పచ్చు గదా."

"చెబితే? నా చేతుల్లో ఏమీ లేదని ఈ క్యాంపులో మూడొందల మందికీ తెలిసిపోతే, రేపు నా మాట ఎవడు వింటాడు?"

"ఆఫీసరని దండం పెట్టేది నీకెందుకు మరి. ఆ కట్టలో నాది ఎన్నోది?"

"నాలుగోది."

"నా పైన మూడు ఎవరివి?"

"ఇస్మాయిల్‌ది. వెల్డరు దానానిది."

"పైనున్నది?"

"ఆ జిరాక్సు ఇలా ఇచ్చెయ్."

"సార్. పోయిన క్రిస్మస్‌కు ఎందుకు పోల్యారని అడిగితే ఆఫీసులో పని ఎక్కువంటిరి."

"అవును, అన్నాను."

"అంతకు ముందు క్రిస్మస్‌కు గూడా అదే అంటిరి."

"మా పాప బ్లెస్సీకి రెండేళ్ళప్పుడు చూశాను. ఇప్పుడు ఫోన్లో నన్ను అంకుల్ అంటది."

"పాస్‌పోర్టు?"

"నీదున్న బీరువాలోనే. నీది ఆకుపచ్చ కవరు, నాది కవరు లేదు."

"ఎంత పని చేస్తిరి సార్. ఇంతకాలం నేను జారును పట్టుకోని గుంజుతాండాననుకుంటి. తీరా చూస్తే తాళ్ళు పేనేటోడు."

"రేపు ఆ హాల్లో దొర ఉంటాడు, రష్యావాళ్ళుంటారు, మన ఇండియా కాన్సులేట్ నుంచి ఒకాయన కూడా వస్తున్నాడు. మైకు పది నిమిషాలు నా చేతిలో ఉంటది. అందాకా ఎవరూ లాక్కోరు కదా?"

"లాక్కోరు. తర్వాత మటుకు ఏమైతాదో చెప్పలేను."

"నాకూ తెలీదు. నువ్వు ఆ ఆఖరి కథ చెప్పక్కర్లేదు, చప్పట్లు వద్దు. ఇందాక డిలీట్ చేసిన ముక్క చెప్పు. మెల్లిగా చెప్పు, స్పెల్లింగ్ తప్పు పోకూడదు. 'జారు సెలవిస్తేనే...' ఊఁ, ఆ తర్వాత?"