చేతులు కనపడని పాఠం

అది 2008. పెనుకొండ బస్టాండు ఎదుట నెట్ సెంటర్‌లో కంప్యూటర్ తెర మీది వీడియో బొమ్మ కదలకుండా నిలిచిపోయింది. బెంగళూరు నుంచి మాటలు నేర్పే టీచరమ్మ నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఇంకా మాటలు రాని నాలుగేళ్ల సింధును ఒళ్లో కూర్చోబెట్టుకున్న తల్లి తెర వైపు వంగింది. నెట్ సెంటరాయన మౌస్ వదిలేశాడు.

“అక్కా, ఈ పొద్దు నెట్ బలే స్లోగా ఉండాది. మాట పోతాది గానీ బొమ్మ ఇటూ రాదు, అటూ పోదు. వచ్చే బేస్తవారం రాండి.”

“దీనికోసమే ఎర్రమంచి నుంచి వచ్చినానప్పా. బడిలో చేర్చేలోగా నాలుగు మాటలన్నా రావల్ల. గొంతు వినపడితే చాలు.”

“పాపేమో చేతుల్తో మాట్లాడతాది. టీచరమ్మకు యాడ కనపడతాయి?”

తల్లి పాప చేతుల వైపు చూసింది.

“కనపడకూడదు. ఇంట్లో ఇది వేలు చూపిస్తే చాలు, అందరం ఉరికి తెచ్చిస్తాము. ఇంక నోరెందుకు తెరుస్తాది? బొమ్మ పూర్తిగా తీసేయప్పా.”

“పాప ఏడుస్తాదక్కా!”

“ఏడవనీ. చెవులు బాగుండాయని డాక్టరు చెప్పినాడు. నోరే తెరవల్ల.”

తెర నల్లబడింది.

“సింధూ, ఏం కావాలి?” టీచరమ్మ గొంతు స్పష్టంగా వినిపించింది.

పాప తెర వైపు వేలు చూపింది. బదులు రాలేదు. మళ్లీ చూపింది. తల్లి వైపు తిరిగింది. తల్లి పెదవులు బిగించి కూర్చుంది. పాప ఎక్కిళ్లు పెడుతూ మైకును రెండు చేతులా లాక్కుంది.

“బొ... బొమ్మ!”

“అక్కా, మాట్లాడిందక్కా! పెట్టి చూసేదా బొమ్మ?”

కళ్లు తుడుచుకుంటూనే తల్లి అతన్ని ఆపింది.

“ఉండప్పా. ఇంగోసారి అడగనీ.”