సైకిలుకు సోమారం సెలవు

"అమ్మా, బస్టాండులో టీచరమ్మ కనపడింది. మొన్నటిదాకా సోమారం వచ్చిందంటే పిల్లోల్లు బడికే పోలేదంట గదా! ఏందీ కథ?"

యాడ మొదలుపెట్టమంటావ్ నాయనా! మెల్లగా మాట్లాడు. మీ నాయన ఆ పంచలోనే ఉండాడు, చైనుకు నూనె పోస్తాండాడు. చెవుడు చెవుడు అంటాడు గానీ, తన మాట ఎత్తినామంటే మాత్రం బాగ ఇనపడతాది.

నువ్వూ కోడలూ నంద్యాల్లో డ్యూటీలు చేసుకుంటా, పాపనూ చిన్నోన్నీ మా కాడ ఇడిసిపెట్టి పోతిరి కదా. అప్పుడు మీ నాయన ఏం చేసినాడు? ఆళ్లగడ్డకు పోయి, వెల్డింగ్ షాపులో చిన్న బండి చేపిచ్చుకోని వచ్చినాడు. రెండు చక్రాలు, కింద చెక్క, సుట్టూ కమ్ములు. సైకిలు ఎనకాల కొక్కెం తగిలిచ్చి, ఇద్దర్నీ దాంట్లో కూర్చోబెట్టి బడికి లాక్కపోయేది. బడి ఈడుందా? కాలవ దాటాల, మిట్ట ఎక్కాల.

మొదట్లో బాగనే ఉండె. "ఏం పెద్దాయనా, మళ్లీ బండి కట్టినావే" అని ఊళ్లో ఎవరన్నా అంటే మీసం తిప్పేటోడు. నీకు గ్యాపకముందో లేదో, మనకు రెండెద్దులుండె గదా, ఒగటి ఎర్రది, ఒగటి తెల్లది... కాదు కాదు, తెల్లది మా పుట్టింటోల్లది. మనవి రెండూ ఎర్రవే. ట్రాక్టర్లొచ్చినాక వాటిని అమ్మినప్పుడు ఈయప్ప అన్నం ముట్టలా. పలుపులు ఇప్పటికీ దూలానికి యాలాడతాండాయి చూడు. ఈ పిల్లోల్ల బండి వచ్చినాకే మనిషి మళ్లీ మనిషైనాడు. నిజం చెప్తాండా.

అయితే సైకిలు ఊరికే ఉంటాదా? ఇద్దరు పిల్లోల్లు, బండి, రెండు పుస్తకాల సంచులు. ఆ సంచులే పిల్లోల్ల కంటే బరువు! ఎనక టైరు నున్నగ అరిగిపాయ, నా అరచెయ్యి మాదిరి. ముందు టైరుకు మాత్రం గీతలు గీతలట్లే ఉండె. చైను సాగిపోయి, మిట్ట మీద టక్కున జారేది. చక్రం పుల్లలు ఒగటెనక ఒగటి ఇరిగె. సైకిలు షాపు మస్తాను కాడికి ఈయప్ప పోయిందే పోయింది. పోయి, "నీ సరుకు మంచిది కాదు" అని వాని మీదనే కొట్లాట! వాడు నగుతా, "సరుకుదేం లేదు పెద్దాయనా. ఎద్దులు లాగే పని సైకిలుతో చేపిస్తాండావ్. దీనికీ సోమారం సెలవియ్యి" అన్న్యాడు. సోమారం బసవన్న దినమని మనం ఎద్దుల్ని కట్టం గదా, దాన్ని పట్టుకోని అన్న్యాడు. ఎగతాళికి నాయనా!

ఈయప్ప నిజమే అనుకున్న్యాడు. సోమారం తెల్లారిందంటే సైకిలు కడగడం, బొట్టు పెట్టడం, నీడన నిలబెట్టడం. "ఈ పొద్దు కట్టేది లేదు" అంటాడు. పిల్లోల్లకేమి, సంబరం. చిన్నోడు దాని ముందర పచ్చిగడ్డి గూడా తెచ్చేసినాడు. నేను నగలేక సచ్చిపోతి.

కానీ నాకు తెలీదా, ఇన్నేండ్లు కాపరం చేసినదాన్ని? ఆ సోమారమంతా మోకాళ్లకు ఆముదం రుద్దుకుంటా కూసునేది ఎవరు? సైకిలా? కాళ్లు నొస్తాండాయని మాత్రం నోట రాదు. "చైను అరిగింది" అంటాడు. మొండోడు రాజు కంటే బలవంతుడని ఊరికే అన్లేదు. నేను గూడా "అవునయ్యా, పాపం, అరిగింది" అంటా. ఇంగేమనాల?

ఏందీ? ఆటో మాట్లాడతావా? సైకిలు పాత ఇనప సామానోనికి ఏస్తావా? చెప్తాండా ఇను. అది తీసేస్తివంటే మనిషి మంచం పడతాడు. ఎద్దులు పోయినప్పుడు చూసినా నేను. కాలు కాలిన పిల్లి మాదిరి ఇల్లంతా తిరిగె, తర్వాత తిరిగేది గూడా మానేసె. మళ్లా అట్ల చూడలేను. నాకు భయం నాయనా.

అందుకే టీచరమ్మ నా కాడికొచ్చి అడిగిన పొద్దే మీ నాయనతో అంటి, "ఏమయ్యా, సోమారం మన ఎద్దుల్ని నీళ్లకు తోలుకపోయేటోనివి కాదా? కాడి ఎయ్యకుండా పలుపు పట్టుకోని, పక్కన నడుసుకుంటా? దీన్నీ అట్లే నడిపిచ్చు. ఎక్కొద్దు, అంతే." మీసం దువ్వుకోని, "అదీ నిజమే" అన్న్యాడు. మరి బండి తగిలిచ్చొచ్చా అని అడగలా. అడిగింటే నేనేం చెప్పేదాన్నో!

చేతికర్ర తెచ్చిస్తే ఇసిరికొట్టిన మనిషి, ఇప్పుడు హ్యాండిలు పట్టుకోని దర్జాగా నడుస్తాండాడు. మంగళారం గూడా "దానికింకా అలుపు తీరలా" అని నడిపిచ్చినాడు. బుధారం గూడా. ఇప్పుడు మనింట్లో అన్నీ సోమారాలే.

మొన్న కాలవ దాకా ఎనకాలే పోయి చూసినా. మిట్ట కాడికి రాంగానే పిల్లోల్లిద్దరూ సప్పుడు కాకుండా బండి దిగినారు. దిగి, ఎనక చేతులేసి తోస్తాండారు నాయనా! మీ నాయన తిరిగి చూసిందే లేదు. ఇంటికొచ్చి ఏమన్న్యాడో తెల్సా? "చూసినావా, సెలవిస్తే సైకిలు ఎంత తేలికైందో!" నగూ వచ్చె, ఏడుపూ వచ్చె నాకు. "అవునయ్యా" అంటి.

"అవ్వా, తాతకు చెప్పొద్దు" అని పాప నా చేత ఒట్టేపిచ్చుకుంది. నువ్వూ చెప్పొద్దు. సల్లగుండండి నాయనా. నీ కాళ్లు అరిగిన పొద్దుకు నీ ఎనకాల గూడా ఇట్లాంటి చేతులుండాల.

అదో, పిలుస్తాండాడు చూడు. బేగా పో, చైను పట్టుకో రవ్వంత. "బాగ అరిగిందా నాయనా" అని అడుగు. సైకిలు గురించే అడుగు, ఏం...