తాత గుర్తు

రెయిన్‌డీర్ దూడను మోకాళ్ల కింద అదిమిపట్టి ఆమె కత్తి తీసింది. తండ్రికి చేతులు వణుకుతాయి. రెండేళ్లుగా దూడల చెవులకు, ఎవరివో తెలిసేలా, సొంతదారు గుర్తు కోసేది ఆమే.

“తాత గుర్తేగా నాన్నా? పద్దెనిమిది నిండితే నాదేనన్నావు.”

“తాత గుర్తే కొయ్యి. కానీ... దాన్ని అన్నయ్య పేరున రాయించాను తల్లీ.”

“ఓస్లోలో కూర్చున్నవాడికా? వాడు ఈ దొడ్డి తొక్కి ఎన్నేళ్లయింది?”

“అదిస్తేనైనా తిరిగొస్తాడేమోనని.”

“నేనెటూ పోలేదు గనక నాకివ్వక్కర్లేదు, అంతేగా? నీ మాట నమ్మి నర్సింగు సీటు వదులుకున్నాను.”

“చిన్నప్పుడు నీ పేరున రాయించిన గుర్తు నీకుందిగా.”

“ఆ గుర్తున్నవి నాలుగే. మందలో మిగతావన్నీ తాత గుర్తువే. ఇప్పుడు దీనికి నా గుర్తు కోసేస్తే ఏం చేస్తావు? కోసిన చెవి అతకదు.”

“ఏం చేస్తాను? కత్తి నీ చేతిలో ఉంది.”

కంచె దగ్గర దూడ తల్లి అరుస్తోంది. దాని చెవికి తాత గుర్తుంది. ఆమె దూడ చెవికీ అదే కోసి, వదిలేసింది.

“తల్లి ఎవరిదో దూడా వాళ్లదే. నేను దొంగను కాను. మిగతావాటికి నీ కొడుకును రమ్మను. మధ్యాహ్నం బస్సుకి నేను వెళ్తున్నా.”

కత్తి తుడిచి తండ్రి చేతిలో పెట్టింది. అది వణకసాగింది. దొడ్డినిండా ఇంకా గుర్తు పడని దూడలే.