పలకరించు

మా అసలు కుట్టుషాపు మూతపడ్డ నెలకి, అమ్మ కంప్యూటర్ ఆటలో ఇంకోటి తెరిచింది. అందులోంచీ మూడో కస్టమరు విసవిసా వెళ్ళిపోయింది.

“మళ్ళీ పోయిందేంటే? కుట్టు వంకరపోయిందా?”

“కుట్టు బంగారంలా ఉందమ్మా. నువ్వే ‘పలకరించు’ నొక్కలేదు.”

“పనిలో ఉన్నా కదా! బట్టల కోసం వచ్చినవాళ్ళతో కబుర్లెందుకు?”

“తలెత్తి చూడకపోతే ఎవరుంటారు చెప్పు?”

అమ్మ చేతిలో మౌస్ ఆగిపోయింది.

“మన షాపులోనూ... నేనింతేనా?”

“నోట్లో గుండుసూదులు పెట్టుకుని ‘ఊఁ’ అనేదానివి.”

“అప్పుడే చెప్పి ఏడవొచ్చుగా!”

“చెప్పాను. దానికీ ‘ఊఁ’ అన్నావు.”

అమ్మ కొంగు బిగించి లేచింది.

“షాపు తాళంచెవి ఇలా తే. ముందు ఆ సూదులు గుచ్చుకోడానికో చిన్న దిండు కుట్టాలి.”