పదకొండో రీలు

తిరువూరు సినిమా హాలు మేడమీద మిషను గది. పొద్దున తొమ్మిదిన్నర. లోపల తెగిన ఫిలిం అతికిస్తున్నవాడు ఆపరేటరు మరియదాసు. గుమ్మంలో నిలబడి, వచ్చిన పని తప్ప లోకంలో సంగతులన్నీ మాట్లాడుతున్నవాడు మామిడితోటల జగన్నాథరావు.

"...ఆ లారీ సినిమా కూడా అంతేరా. డ్రైవరు లావు, క్లీనరు బక్క. లావువాడు కొట్టాలి, బక్కవాడు పడాలి. పడ్డప్పుడల్లా నేల టికెట్టు వాళ్ళు ఈలలు. నాకైతే నవ్వు రాలేదు. నీకొచ్చిందా?"

"నేను తెరవంక చూడనండి. మిషను చూసుకుంటాను."

"అండీ ఏంటిరా? ఇక్కడెవరున్నారు? నలుగురిలో ఉన్నప్పుడంటే సరే. మనిద్దరమే ఉంటే ముప్పయ్యేళ్ళుగా ఒరే అంటే ఒరే..."

"కొంచెం పక్కకి జరుగుతారా? వెలుతురు అడ్డమొస్తోంది."

"ఇదిగో, జరిగా. ఆ తర్వాత వచ్చింది చూడు, అది నయం. ఇద్దరు నిరుద్యోగులు, ఇద్దరికీ కలిపి ఒకటే ప్యాంటు. ఒకడు ఉద్యోగం కోసం వెళ్తే రెండోవాడు తువ్వాలు కట్టుకుని గదిలో కూచుంటాడు. నవ్వీ నవ్వీ పొట్ట చెక్కలైంది. మన హైస్కూలు రోజులు గుర్తొచ్చాయనుకో. నా చొక్కా నువ్వేసుకుని..."

"మీ చొక్కా నేనెప్పుడూ వేసుకోలేదండి. మీ అమ్మగారు ఒప్పుకోలేదు."

"...అవును. అవునులే. ఇస్తానన్నా, ఇవ్వలేదు. సరే, అది కాదు నేను చెప్పేది. ఈ మధ్య వస్తున్న ఈ జంట హాస్యాలన్నిట్లో ఒకటే దరిద్రం. ఇంటర్వెల్ దాకా కడుపుబ్బ నవ్విస్తారు. ఆ తర్వాత ఎవడో మూడోవాడు వచ్చి పుల్లలు పెడతాడు. ఇద్దరూ విడిపోతారు. ఇక ఏడుపు. ఆఖర్న ఒకడు ఇంకొకడి చేతులు పట్టుకుని క్షమించు, క్షమించు అని పది నిమిషాలు. బెంచీల్లో ఆడవాళ్ళు ముక్కులు చీదడం. ఎందుకంట? స్నేహితుడి దగ్గర క్షమించమనేదేంటి? వాడికి తెలీదా?"

"ఏం తెలియాలండి?"

"అదే... మనసులో ఏముందో."

"సినిమా సంగతేగా మీరు చెప్తున్నది?"

"సినిమా సంగతే. ఇంకేం సంగతి?"

"దానికోసం ఇన్ని మెట్లెక్కారా? మోకాలు నొప్పని విన్నాను."

"ఎవరు చెప్పారు? అంటే నా గురించి అడుగుతూనే ఉన్నావన్నమాట."

"అడగలేదండి. ఎవరో అంటుంటే చెవిన పడింది."

"సరే, ఇక దాపరికమెందుకు. బసవపున్నయ్య కొట్లో కార్డు చూశాను."

"ఏ కార్డు?"

"ఏ కార్డేంటిరా! మీ అమ్మాయి రిబ్కా పెళ్ళి కార్డు. గురువారం పెళ్ళి. బసవపున్నయ్యకిచ్చావు. క్షవరం షాపులో అద్దానికి ఒకటి గుచ్చి ఉంది. నాకు లేదు."

"అయిపోయాయండి. వందే వేయించాం."

"అయిపోయాయా? అది పుట్టిన రోజు వానలో డాక్టరమ్మని నా బండిలో తీసుకొచ్చిందెవరు?"

"మర్చిపోలేదండి. ఆ కిటికీలో బ్లేడుంది, అందుకుంటారా?"

"ఇదిగో. ఎనిమిది నెలలు, మరియదాసూ. బజార్లో ఎదురైతే నమస్కారమండీ అంటావు. తిట్టినా బాగుండు. మా అమ్మాయి పెళ్ళిలో జరిగింది నా వల్ల కాదని నీకు ఎన్నిసార్లు కబురంపాను? మా బావ ఆదిశేషయ్య చేసిన పని. నిన్ను బంతిలో కాకుండా పశువుల కొట్టం దగ్గర కూచోబెట్టమంది ఆయన. నేను వియ్యాలవారి దగ్గరున్నా. నాకు తెలిసేసరికి నువ్వు తినకుండా వెళ్ళిపోయావు."

"వెళ్ళలేదండి. సాయంత్రం అప్పగింతల దాకా మీ పెళ్ళికి పెట్టిన నా మైకు సెట్టు నడిపాను. తినకుండా నడిపాను, అంతే."

"అదే... ఆ మైకు కూడా మధ్యలో ఓ నిమిషం ఆగింది కదూ? పంతులుగారు విసుక్కున్నారు కూడా."

"నా మైకు దానంతట అది ఎప్పుడూ ఆగదండి."

"సరేరా బాబూ, ఆగలేదు. నేను నీ మైకుని ఏమన్నా? ఇదిగో విను, అసలు సంగతి చెప్తాను. శనివారం మ్యాట్నీకి వచ్చాను. నువ్వు చూశావో లేదో."

"ఏ టికెట్టు?"

"కుర్చీ. మధ్య వరసలో ఒక్కణ్ణే. ఆ సైకిలు షాపు సినిమా. అదీ సినిమా అంటే! నవ్వుకి నవ్వు. ఇద్దరూ ఒకే సైకిలు విప్పి, ఎవడి ఇష్టం వచ్చినట్టు వాడు బిగిస్తే హ్యాండిలు వెనక్కొస్తుంది చూడు, అక్కడ నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. కానీ నాకు నచ్చింది అది కాదు. ఒకడు రెండోవాడి ట్రంకు పెట్టె వానలోకి విసిరేస్తాడా? అయిపోయింది, ఇక ఏడుపు మొదలనుకున్నా. లేదు! ఆ వెంటనే ఇద్దరూ కల్వర్టు మీద కూచుని ఒకే పొట్లంలో మరమరాలు తింటున్నారు. అంతే. క్షమించమనలేదు. కాళ్ళు పట్టుకోలేదు. ఒకడొచ్చి పక్కన కూచున్నాడు, రెండోవాడు పొట్లం ఇటు జరిపాడు. తీసినవాడెవడో గాని దణ్ణం పెట్టాలి వాడికి. నేనూ అదే అనుకున్నారా. వెళ్ళి పక్కన నిలబడితే చాలు, వాడే జరుగుతాడని. అందుకే వచ్చాను."

"శనివారం మ్యాట్నీయేనా?"

"శనివారమే. ఏం?"

"ఆ ఆటలో పదకొండో రీలు లేదండి."

"లేకపోవడమేంటి?"

"ప్రింటు ఒకటి, హాళ్ళు రెండు. విస్సన్నపేటలో ముందు మొదలెడతారు. అక్కడ ఆడిన రీలు ఆడినట్టు శాంతయ్య మోటారు సైకిలు మీద ఇక్కడికి తెస్తాడు. పెట్టె విసిరేది పదో రీలు. మరమరాలు తినేది పన్నెండో రీలు. మధ్యది మీరు చూడలేదు."

"అందుకా, నేలలో ఎవడో ఈల వేశాడు! ...దాంట్లో ఏముంది?"

"మీకు ఇష్టం లేనిది."

"అంటే? వాడూ క్షమించమంటాడా?"

"అది చివర్లోనండి. ముందు తను ఏం చేశాడో చెప్తాడు. ఒక్కొక్కటీ, దాచకుండా. ఆ తర్వాతే రెండోవాడు పొట్లం జరుపుతాడు."

"ఛ. మళ్ళీ అదేనా. మంచి సినిమా అనుకున్నాను. పోనీలే, శాంతయ్య ఆలస్యంగా తేవడం మన మంచికే వచ్చింది."

"శాంతయ్య టైముకే తెచ్చాడండి. ఇదిగో, ఈ డబ్బానే. నేనే ఎక్కించలేదు."

"నువ్వా? పన్నెండేళ్ళలో ఒక్క ఆట ఆలస్యం చెయ్యనివాడివి, రీలు ఎగ్గొట్టావా? ఓనరుకి తెలిస్తే?"

"తెలిస్తే తెలియనివ్వండి. మిషను ముందున్న ఈ గోడ కంతలోంచి మీరు కనపడ్డారు. కుర్చీలో ఒక్కరే. తెరమీద వాడు చెప్పేస్తే, మీ వంతు కూడా తీరిపోయిందనుకుని కళ్ళు తుడుచుకుని ఇంటికెళ్ళిపోతారని వెయ్యలేదు."

"నా వంతేంటి? నేను చెప్పానుగా, మా బావ..."

"చెప్పారండి. విన్నాను. మ్యాట్నీలోగా అతుకులు ముగించాలి. ఇవన్నీ చుట్టుకోవాలి."

"ఆగు."

"చాలా పనుందండి."

"ఆగరా! ఆ డబ్బా కింద పెట్టు. నావైపు చూడు. లేదు, వద్దు, చూడకు. చూస్తే నా వల్ల కాదు."

"చూడటంలేదండి."

"మా బావ ఏమీ అనలేదు."

"ఊఁ."

"ఆయనకసలు నువ్వెక్కడ కూచుంటే ఏం పట్టింది? వియ్యాలవారు చూస్తారని, రేపు నా కూతుర్ని ఏమన్నా అంటారని నాకు భయమేసింది. నిన్ను కొట్టం దగ్గర కూచోబెట్టమని వడ్డించేవాళ్ళకి చెప్పింది నేనే. నాలుగు రోజులు నా ఇంట్లో పందిరి రాటలు పాతినవాణ్ణి. నేనే చెప్పా. ఎనిమిది నెలలుగా ఆయన మీద పెట్టి తప్పించుకుంటున్నాను. నన్ను క్షమించరా."

"నాకు తెలుసు."

"తెలుసా? ఎట్లా తెలుసు?"

"ఆ మాట చెప్తున్నప్పుడు పక్కనే మైకుందని చూసుకోలేదు మీరు. 'మరియదాసుని' అన్నంతవరకు హారన్‌లో ఊరంతా వినపడింది. మిగతాది బయటికి పోకుండా కట్టేశాను. పందిరి గుడ్డకి ఇవతలే ఉన్నానుగా, నాకు మాత్రం వినపడింది."

"ఆ నిమిషం ఆగింది అందుకా! విని కూడా సాయంత్రం దాకా నా కూతురి పెళ్ళి నడిపించావా? మరి ఇన్నాళ్ళూ ఒక్కమాట అడగవేంరా? నలుగురిలో కడిగెయ్యవేంరా?"

"రీలు రాందే నేనేం ఆడించను? వస్తుందని చూస్తూ కూచున్నాను."

"వచ్చిందిగా ఇప్పుడు. ఇకనైనా ఏదో ఒకటి అను."

"గురువారం పదింటికి చర్చిలో పెళ్ళి. తర్వాత భోజనాలు మా పేటలో, మా ఇంటి ముందు. బంతిలో నా పక్కన విస్తరి వేయిస్తాను. కూచుంటావట్రా జగ్గా, మీ బావనడిగి చెప్తావా?"